మామిడి చెక్క సొరుగు

మా కొట్లో పనిముట్ల బండికి నాలుగు సొరుగులున్నాయి. పై మూడూ ప్లైవుడ్డువి. ఇనప చానెళ్ల మీద నడుస్తాయి కాబట్టి వేలితో లాగితే చాలు, వచ్చేస్తాయి. అడుగుది మామిడి చెక్కది. దాని అంచు ఇప్పటికీ ముందు గోటితో తడిమి చూసుకుని, ఆ తర్వాతే లాగుతాను. ఎందుకో చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాలి. ఆయన సంగతి చెబితే నా బుద్ధి కూడా బయటపడుతుంది. అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఉన్నాను.

బావంటే మా అక్క మొగుడు. ఫిషింగ్ హార్బర్‌లో చెక్క బోట్లు కట్టే వడ్రంగి. పదో తరగతి తప్పి ఊరి మీద తిరుగుతుంటే నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్లి బోటు పక్కన కూర్చోబెట్టింది ఆయనే. ఉలి ఎలా పట్టుకోవాలో, బాడిసతో దెబ్బ ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తప్పు చేస్తే నా నెత్తి మీద చెక్క సుత్తితో చిన్నగా ఒకటి తగిలించేవాడు. నేనూ ఊరుకునే రకం కాదు. నాకు ముక్కు మీదే కోపం. ఆయన ఒకటంటే నేను రెండనేవాణ్ని. తెల్లారకముందే మొదలయ్యే మా తగువులు విని ఐసు మోసేవాళ్లు నవ్వుకునేవారు. "బావా బావమరుదులా, సవుతులా మీరు?" అనేవారు.

తర్వాత నేను బోట్ల పని వదిలేసి కూర్మన్నపాలెంలో కొట్టు పెట్టుకున్నాను. స్టీలు ప్లాంటు ఉద్యోగుల ఇళ్లకి వంటింటి అరలు, బట్టల బీరువాలు, టీవీ బల్లలు చేసి పెట్టడం నా పని. బావ హార్బర్‌లోనే ఉండిపోయాడు. కొన్నాళ్లకి అందరూ ఫైబరు బోట్లకి మళ్లారు. చెక్క బోటు కట్టించేవాడు లేకుండా పోయాడు. పాతవాటికి మరమ్మతులు చేసుకుంటూ కొన్నేళ్లు నెట్టుకొచ్చాడు. ఈలోపు సుగరు కళ్లకి దిగింది. ఎడం కన్ను ముందే పోయింది. కుడి కంటికి లేజరు చేసిన డాక్టరు, ఉన్న చూపు ఎంతకాలం ఉంటుందో తాను చెప్పలేనన్నాడు.

అప్పుడు బావ నా కొట్టుకి వచ్చాడు. మెట్టు మీద నిలబడి, లోపలికి రాకుండానే అడిగాడు.

"కంట్లో ఎలుగున్నన్నాళ్లు నీకాడ పనిసేత్తాన్రా. ఇంట్లో కూకుంటే సచ్చిపోతాను."

నాకు పని నేర్పిన మనిషి నా మెట్టు మీద నిలబడి అలా అడుగుతుంటే చేతిలో పని పక్కన పెట్టి లేచాను. "అడగడమేటి బావా, రా లోనికి" అన్నాను. ఉన్నన్నాళ్లు నా పక్కనే పని చేసుకోమని మాట కూడా ఇచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడానికే బండికి సొరుగులు చేశాను.

మొదట్లో సొరుగులు లేవు. పాత ఇనప సామాను కొట్లో దొరికిన నాలుగు చక్రాల చట్రం మీద ఒక పలక బిగించి, దాని కింద గోనెసంచుల్లో పనిముట్లు వేసుకునేవాణ్ని. ఏ సంచిలో ఏముందో నాకు తెలుసు. బావకి తెలియదు. తెలిసినా కనబడదు. వాడిన ఉలి ఎక్కడ పెట్టాడో మర్చిపోయేవాడు. నేను పని మధ్యలో లేచి వెతకాలి. ఒకసారి టేపు కోసం అరగంట వెతికాను. చివరికి అది ఆయన లుంగీ మడతలోనే ఉంది. ఒళ్లు మండిపోయి నోటికొచ్చిందల్లా అనేశాను. ఆయనా తక్కువ తినలేదు. "నీ కొట్టే ఎలకబొరియలాగుంటే నానేటి సెయ్యను?" అన్నాడు. ఇద్దరం అరుచుకున్నాక టీ తాగాం. అలా ఉన్నంతకాలం బాగానే ఉంది.

ఒకరోజు బజారు నుంచి తిరిగొచ్చేసరికి బావ నేల మీద మోకాళ్ల మీద ఉన్నాడు. రంపపు పొట్టులో రెండు చేతులూ పెట్టి తడుముకుంటున్నాడు. నేను వచ్చిన సంగతి గమనించలేదు. మూలమట్టం కింద పడిందట. అది ఆయన మోకాలికి జానెడు దూరంలో ఉంది. చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్లి, మళ్లీ అప్పుడే వస్తున్నట్టు దగ్గుకుంటూ వచ్చాను. ఆ సాయంత్రమే అట్టముక్క మీద సొరుగుల కొలతలు గీశాను.

నా ఆలోచన ఇది. ప్రతి సొరుగు అడుగునా ఒక పలక వేసి, అందులో ఒక్కో పనిముట్టు ఆకారం తొలిచి పెట్టాలి. ఉలి గుంటలో ఉలే పడుతుంది, టేపు గుంటలో టేపే పడుతుంది. వేలు పెట్టి తడిమితే ఏది ఉందో, ఏది లేదో తెలిసిపోతుంది. ఈ మాట చెప్పగానే బావ మొహం ముడుచుకున్నాడు.

"నాను గుడ్డోడ్నని ఊరందరికీ బోర్డు కడతావేట్రా?"

"నీకోసం కాదు బావా, నాకోసం. నా తల పేనం తోకకొత్తంది ఎతకలేక."

"అయితే సెయ్యి. నీకోసమైతే సెయ్యి."

ఒకసారి ఒప్పుకున్నాక మనిషి మారిపోయాడు. రోజూ ఎత్తేవి పైన ఉండాలన్నాడు. బిట్లు, మేకులు, మరలు రెండో దాంట్లో. రంపాలు మూడో దాంట్లో, పళ్లు లోపలికి తిప్పి. అడుగుది తనకి కావాలన్నాడు. ఆయన బోటు పనిముట్లు బరువైనవి, పైగా కింద కూర్చుని పనిచేసే అలవాటు కదా, కూర్చున్నచోటి నుంచే లాక్కుంటాడట. పై మూడూ ప్లైవుడ్డుతో చేస్తుంటే ముక్క చేతిలోకి తీసుకుని విరిచేలా వంచి చూశాడు. "ఇదేటి, కాగితాల అట్ట? నా బాడిస ఇందులో ఎడతావా?" అన్నాడు. ఆయన సొరుగుకి అసలు చెక్కే కావాలి.

చెక్క కోసం ఇద్దరం తగరపువలస వెళ్లాం. అక్కడి కలప అడితి ఆయనకి పాత చుట్టమే. మే నెల ఎండ. మామిడి పలకల దొంతర ముందు నిలబడి ఒక్కోదాన్నీ వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి, వాసన చూసి, చివరికి రెండు పలకలు బయటికి లాగించాడు. అడితి మనిషి "కళ్లు లేకపోయినా మంచివే లాగేడు సూడండి" అన్నాడు నాతో మెల్లగా. బావకి వినబడింది. వినబడనట్టే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పలకలు మా కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాం. దారంతా బావ చెక్కల గురించే మాట్లాడాడు.

ఆ సొరుగు మూలలు ఆయనే కోశాడు. పళ్లు పళ్లుగా కోసి ఒకదాంట్లో ఒకటి దిగేలా వేసే అతుకు. నేను గీత గీసి, దాని మీద ఉలి మొనతో గాడి పెడితే, ఆ గాడి వెంబడి వేలు నడిపి కోసేవాడు. రెండు రోజులు పట్టింది. నేనైతే పూటలో చేసేవాణ్ని. అయినా ఏమీ అనలేదు. నాలుగు మూలలూ బిగించాక మేకు అక్కర్లేకుండా నిలబడింది.

ఇక బండిలో పెట్టి చూడాలి. నేను పక్కల్లో సందు వదిలాను. అసలు చెక్కతో సొరుగు చేసినప్పుడు ఎవడైనా వదులుతాడు. వానాకాలం చెక్క గాలిలో తేమ తాగి ఉబ్బుతుంది, దానికి చోటుండాలి. బావ సొరుగు లోపలికి తోశాడు, బయటికి లాగాడు, బొటనవేలి గోరు అంచున పెట్టి సందు కొలిచాడు.

"ఇదేట్రా ఇది? సందొగ్గీసేవు."

"సొరుక్కి ఆపాటి ఉండాలి బావా."

"ఎవడు సెప్పేడు నీకు? సందు లేకండా కూకోబెట్టినోడే వడ్రంగోడు. సిన్నప్పుడు నెత్తి మీద ఎన్ని కొట్టేను దీనికి, మర్సిపోనావా?"

మర్చిపోలేదు. ఆయన బోటు మనిషి. బోటులో పలకకీ పలకకీ మధ్య సందుంటే నీరొస్తుంది, మనుషులు పోతారు. పలకలు బిగించి దూది కూరి నీళ్లలోకి దింపితే, చెక్క ఉబ్బి ఒకదాన్నొకటి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చెక్క ఉబ్బడం ఆయనకి జీవితమంతా మేలే చేసింది. ఇది బోటు కాదు బావా, వానలొస్తే ఇరుక్కుపోతుంది అని చెప్పడానికి నోరు తెరిచాను.

ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఎన్ని నెలల తర్వాతో ఆ మొహంలో పాత పొగరు కనబడింది. నన్ను తిడుతున్నాడు, పని తెలిసినవాడిలా తిడుతున్నాడు. ఆ సంబరం చెడగొట్టబుద్ధి కాలేదు. పక్కలకి పల్చటి పట్టీలు అతికి, చిత్రిక పట్టి, సందు లేకుండా చేశాను. లోపలికి తోస్తే గాలి బుస్సుమని బయటికొచ్చింది.

"ఇన్నావా? ఊపిరి తీత్తంది" అని బావ నవ్వాడు. అక్కకి ఫోను చేసి ఆ చప్పుడు వినిపించాడు కూడా.

వానలు పడకముందు ఓ పూట ఆయన లేనప్పుడు రెండు పక్కలా చిత్రిక పట్టేద్దాంలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ తర్వాత నెలన్నర మా కొట్టు మళ్లీ కొట్టులా ఉంది. బావ పొద్దున్నే హార్బర్ దగ్గర బస్సెక్కేవాడు. బస్సు మీద నంబరు కనబడదు కాబట్టి వచ్చిన ప్రతి బస్సునీ "కూర్మన్నపాలెమేనా?" అని అడిగేవాడట. వచ్చి, తన ముక్కాలిపీట వేసుకుని, అడుగు సొరుగు లాగి, లోపల చెయ్యి తిప్పి, అన్నీ ఉన్నాయని చూసుకుని అప్పుడు పని మొదలుపెట్టేవాడు. ఏ ఉలి కావాలన్నా తల తిప్పకుండా అందుకునేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆయనకి చూపు సరిగా లేదంటే నమ్మేవారు కాదు. నాకు అరవాల్సిన అవసరమే రాలేదు. "ఏరా, జొరమా? ఇవాళ నోరు లెగలేదు" అని వెక్కిరించేవాడు.

వానలు మొదలయ్యాయి. పని కూడా అప్పుడే ముంచుకొచ్చింది. ఓ అపార్టుమెంటులో రెండు ఇళ్లకి వంటింటి అరలు ఒప్పుకున్నాను. రేకుల షెడ్డు కారుతుంటే ప్లైవుడ్డు షీట్ల మీద టార్పాలిన్ కప్పుకోవడమే సరిపోయింది. బండి షట్టరు పక్కనే ఉండేది, జల్లు కొట్టేది. చిత్రిక సంగతి నాకు గుర్తు రాలేదు.

శ్రావణమాసంలో ఆ రెండిళ్లలో ఒకరి గృహప్రవేశం దగ్గరపడింది. వాళ్లు ఎంచుకున్న రంగు షీటు ఒక్కటే మిగిలింది, మళ్లీ తెప్పించాలంటే నాలుగు రోజులు. తలుపు ముక్క కోస్తానని బావ పట్టుబట్టాడు. గీత మీద గాడి పెట్టకుండా ఇచ్చేశాను, తొందరలో. ఆయన గీతకి ఇవతల కోశాడు. ముక్క రెండు వేళ్లు పొట్టిదైపోయింది. అదే సమయానికి ఇంటాయన మెట్టెక్కి లోపలికి వచ్చాడు.

నాకు ఏం కమ్మిందో తెలియదు. తప్పు నాది కూడా అని తెలుసు. తెలిసినందుకే ఇంకా ఎక్కువ అరిచాను.

"ఒగ్గీ బావా! ఇంక సాలు! నా సామాన్లు ఏయీ ముట్టుకోకు. సెయ్యెట్టకు, అంతే!"

బావ తిరిగి ఏమీ అనలేదు. అదే మొదటిసారి, ఆయన నాకు ఎదురు మాట అనకపోవడం. చెవి మీద పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు, గొడుగు కోసం తడుముకున్నాడు, వెళ్లిపోయాడు. నేను ఇంటాయనకి సర్దిచెప్పే పనిలో పడ్డాను.

మర్నాడు నేను వెళ్లేసరికి ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడ చెప్పింది.

"మీ బావ తెల్లారకుండానే వొచ్చేడు. తాళంసెవుందేమో, సట్టరు తీసేడు. లోపట ఏటో లాగినట్టు బండి దడదడమంది. మల్లీ మూసీసి వానలోనే ఎల్లిపోనాడు. టీ తాగమంటే తాగనేదు."

అలిగాడు, రెండ్రోజుల్లో అదే పోతుంది అనుకున్నాను. లోపల బల్ల మీద నిన్నటి పొట్టి ముక్క ఉంది. దాని పక్కనే, సరిగ్గా రెండు వేళ్ల వెడల్పు టేకు పట్టీ ఒకటి, కొలతకి కోసింది, ఇంటి దగ్గర నుంచి తెచ్చినట్టున్నాడు. ఆ పట్టీ అంచున అతికి సాపు చేస్తే తలుపు పనికొచ్చేది. అందంగా కూడా ఉండేది. చెయ్యి పెట్టకంటే ఇంకా పెడుతున్నాడే అని విసుక్కుని ఆ పట్టీ మూల పడేశాను. ఇంటాయన్ని బతిమాలి నాలుగు రోజులు గడువు తీసుకుని కొత్త షీటు తెప్పించాను.

బావ రాలేదు. అక్కకి ఫోను చేస్తే "ఒంట్లో బాగోలేదంతన్నాడు" అంది. బావకి ఫోను ఇమ్మంటే పడుకున్నాడంది. ఇప్పుడు ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ఆయన లేని ఆ రోజుల్లో నాకు హాయిగా ఉంది. పని చకచకా సాగింది. ఎవరికి ఏం తగులుతుందో అని చూసుకోనక్కర్లేదు. ఆదివారం వెళ్లి పలకరిద్దాం అనుకునేవాణ్ని. ఆదివారం వచ్చేది, పోయేది. వినాయకచవితి కూడా వెళ్లిపోయింది.

దసరాకి మా కొట్లో ఆయుధపూజ చేస్తాం. పనిముట్లన్నీ తీసి, తుడిచి, నూనె రాసి, కింద పేపరు పరిచి వరసగా పెడతాం. పసుపు, కుంకుమ, పువ్వులు. మొదట బావ బాడిసకి బొట్టు పెట్టాకే నా వాటికి పెట్టడం నా అలవాటు. హార్బర్‌లో ఉన్నప్పటి నుంచీ అంతే, పని నేర్పిన చెయ్యి ముందు. ఆ పొద్దున కూడా ఫోను చేశాను. రానన్నాడని చెప్పి అక్క పెట్టేసింది. సరే, మనిషి రాకపోయినా బాడిస ఉంది కదా అని అడుగు సొరుగు లాగాను.

రాలేదు. రెండు చేతులతో లాగాను. బండే నా మీదికి దొర్లుకొచ్చింది. చట్రానికి కాలు తన్నిపెట్టి లాగాను. వెంట్రుకంత కదల్లేదు. వానకి ఉబ్బి, మూసుకుని కూర్చుంది. బావ వచ్చి దాదాపు రెండు నెలలైంది, ఆ సొరుగు నేనెప్పుడూ తియ్యను, కాబట్టి నాకు తెలియలేదు.

అప్పుడు పిడి చూశాను. ఇత్తడి పిడి ఒక పక్కకి వంగిపోయి ఉంది. ఒక మర సగం బయటికొచ్చింది. సొరుగు అంచు పొడుగునా గోళ్లతో గీరిన గీతలు. అవి నా గోళ్లవి కావు.

టీ కొట్టావిడ మాటలు, బల్ల మీది టేకు పట్టీ, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మళ్లీ అక్కకి ఫోను చేశాను. ఈసారి పెట్టెయ్యనివ్వలేదు.

"బావ ఎందుకు రావట్లేదో సెప్పక్కా. నామీద ఒట్టు."

అక్క ఏడుపందుకుంది.

"సొరుక్కి తాళమేసీసేవంట కదరా. మూడ్రోజులు కూడు ముట్టనేదు. 'ఆడి సామాన్లు ముట్టుకోవొద్దన్నాడు, సరే, ఆడియి ఆడియి. నా సామాన్లకి తాళమేటే?' అని ఒకటే మాట. నీకు సెప్పొద్దని నాసేత ఒట్టేయించుకున్నాడు."

ఆ సొరుక్కి తాళమే లేదు. తాళం కన్నం కూడా లేదు. పొద్దున్నే, నేను రాకముందే, తాను పాడుచేసిన తలుపు బాగుచేసి పెడదామని ఆయన వానలో బస్సెక్కి వచ్చాడు. నా ఉలి ముట్టుకోలేదు. నేను వద్దన్నాను కాబట్టి తన ఉలి కోసమే వెళ్లాడు. అది రాలేదు. ముందురోజు నేనన్న మాట చెవుల్లో ఉండగా ఇంకేం అనుకుంటాడు?

పూజ అలాగే వదిలేశాను. ట్రాలీ ఆటో పిలిచి బండిని ఉన్నపళంగా ఎక్కించి, తాళ్లతో కట్టి, నేను దాని పక్కనే నిలబడ్డాను. సొరుగు వెనక నుంచి కొడితే ఊడొచ్చేది, అయినా కొట్టలేదు. మూసుకున్నది మూసుకున్నట్టే ఆయన చేతికి చూపించాలి. దారిలో గాజువాక దగ్గర చినుకులు పడ్డాయి. భోజనాల వేళకే వెళ్లి మాట్లాడి, సాయంత్రానికి బావని కొట్టుకి తీసుకొచ్చి ఆయన చేతే బొట్టు పెట్టించాలి అనుకున్నాను. చూపు ఇంకా ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. ఈసారి నోరు అదుపులో పెట్టుకుంటానని దారంతా అనుకుంటూనే ఉన్నాను.

బావ గుమ్మం ముందు వల కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. ఆటో ఆగిన చప్పుడికి తల తిప్పాడు. తిప్పింది మా వైపు కాదు.

"ఎవులది?" అన్నాడు.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. మధ్యాహ్నం వెలుగు. అక్క లోపల నుంచి వచ్చి నన్ను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎప్పటి నుంచి అని సైగ చేశాను. బావే జవాబు చెప్పాడు, నా అడుగు పోల్చుకున్నాడు.

"ఇనాయక సవితి ఎల్లిన వారానికి పూర్తిగా పోనాదిరా. నువ్వేనా? కూకో."

అంటే, ఆ వానరోజు తర్వాత ఇంకా నెల దాకా ఆయన కంట్లో వెలుగుంది. ఆ నెలంతా ఈ గుమ్మంలో కూర్చున్నాడు.

నేనూ ఆటోవాడూ కలిసి బండిని దించి ఆయన మోకాళ్ల ముందుకి తోశాం. ఆయన చెయ్యి తీసుకుని వంగిన పిడి మీద పెట్టాను.

"లాగు బావా."

"ఎందుకురా ఇప్పుడు."

"నీకు దండమెడతాను, ఒక్కపాలి లాగు."

లాగాడు. బండి కదిలింది కానీ సొరుగు కదల్లేదు. ఆయన చెయ్యి సొరుగు ముందు పలకంతా తిరిగింది. తాళం కన్నం కోసం వెతుకుతున్నాడని అర్థమైంది. పైనా లేదు, పక్కలా లేదు. అప్పుడు బొటనవేలి గోరు అంచున పెట్టాడు, మే నెలలో పెట్టినట్టే. గోరు దిగలేదు. వంగి చెక్క దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఉబ్బిపోనాది" అన్నాడు.

"తాళం లేదు బావా. ఎప్పుడూ లేదు. నీ సామాన్లకి నాను తాళమెడతానా?"

"నానే కదరా సందొద్దన్నాను."

అక్క ఏడుస్తోంది. నాకు మాత్రం గుండెల మీద బరువు దిగినట్టయింది. అపార్థం తొలగింది కదా, ఇక అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. ఆయన నడుం నిటారుగా చేసుకుని, నా గొంతు వినబడిన వైపు మొహం పెట్టాడు.

"ఒరే, ఇరవయ్యేళ్లయి బీరువాలు సేత్తన్నావు. వానకి ఉబ్బుతాదని నీకు తెల్దా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నోరు రాలేదు.

"తెలుసు బావా."

"మరెందుకు సెప్పనేదు?"

"నువ్వు సంబరపడతన్నావని..."

బావ తల ఊపాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"టేపు కనబడకపోతే అరిసేవు. ఉలి కింద పడితే అరిసేవు. దీనికెందుకు అరవలేదురా? 'నోర్ముయ్యి బావా, ఇది బోటు కాదు' అని ఒక్క మాటంటే సరిపోయేది కదరా. అంటే అప్పటికే నన్ను గుడ్డోడి కింద కట్టీసేవు. పోన్లే పాపం అనీసుకున్నావు."

నేను ఏడ్చాను. సిగ్గులేకుండా, ఆటోవాడి ముందే ఏడ్చాను. అక్క టీ తెచ్చి పెట్టింది. ఎవరూ తాగలేదనుకుంటాను.

బండిని మళ్లీ కూర్మన్నపాలెం తెచ్చుకున్నాను. బాడిస, ఉలులు ఆయన ఇంట్లో ఉంచమంటే వద్దన్నాడు. చలికాలంలో చెక్క ఆరి సొరుగు దానంతటదే వచ్చింది. బయటికి తీసి రెండు పక్కలా చిత్రిక పట్టాను, గోరు దిగేంత సందు వదిలాను. లోపల ఒక్కో పనిముట్టూ దాని గుంటలో అలాగే ఉంది, బాడిస మీద మాత్రం కాస్త తుప్పు పట్టింది. తుడిచి నూనె రాశాను.

నెలకోసారైనా వెళ్తున్నాను. వెళ్లిన ప్రతిసారీ అడుగుతున్నాను, కొట్టుకి రా బావా, నేనే తీసుకెళ్లి నేనే దింపుతాను, గీతల మీద గాడి పెట్టి ఇస్తాను, ఊరికే కూర్చున్నా సరే అని. అరిచి కూడా చూశాను, పాత రోజుల్లోలా. ఆయన వింటాడు. విని నా చెయ్యి తడుముకుని పట్టుకుంటాడు.

"కంట్లో ఎలుగున్నన్నాళ్లే కదరా అడిగేను" అంటాడు. "అయిపోనాది."